నీటి అడుగున పీల్చే గాలి

నదిలో పడవ మునిగినపుడు, జలాశయంలో ఎవరైనా గల్లంతయినపుడు మన పత్రికలలో ఒక మాట తప్పక కనిపిస్తుంది. డైవర్లు ఆక్సిజన్ సిలిండర్లు వీపున కట్టుకొని నీటిలోనికి దిగి గాలించారు అని. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటకుల పడవ మునిగినపుడు ఇట్లాంటి వార్తలే చదివాము. 2024 సెప్టెంబరు నెల మొదట వరదకు కొట్టుకొని వచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజి గేట్లను ఢీకొని అడ్డుపడినపుడు, వాటిని నీటి అడుగున కోయడానికి విశాఖపట్నం నుండి డైవర్లు రావలసి వచ్చింది. అప్పుడూ ఇదే మాట.

ఈ మాటలో ఒక పొరపాటున్నది. ఆ సిలిండరులో ఉండేది వట్టి ఆక్సిజన్ కాదు, అనగా ఆమ్లజని కాదు. మీరూ నేనూ ఇప్పుడు పీలుస్తున్న గాలే. నూటికి 78 పాళ్ళు నత్రజని, దగ్గర దగ్గర 21 పాళ్ళు ఆమ్లజని, మిగిలిన ఒక్క పాలులో చాలా భాగం ఆర్గాన్. ఈ గాలినే బలంగా నొక్కి సిలిండరులో కూరుతారు. పేరులో పొరపాటు ఉంటే ఏమి నష్టమని అనుకోరాదు. ఆస్పత్రిలో వాడే ఆమ్లజని సిలిండరునే కట్టుకొని ఒకడు పది మీటర్ల లోతుకు దిగాడనుకొందాం. అక్కడ అతనికి ఫిట్స్ వచ్చే ప్రమాదమున్నది. నోటిలోని గొట్టం జారిపోతే నీటిలో మునిగి పోతాడు. ఎక్కువ పీడనంలో ఆమ్లజని విషంగా మారుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ 1878లోనే తన గ్రంథంలో ప్రకటించాడు.

కోసిగి వంటి మెట్ట ప్రాంతంలో కూర్చొని సముద్రంలో దిగేవారి గాలిని గురించి వ్రాయడమెందుకని చదువరులు అడగవచ్చును. విశాఖపట్నం మాకు ఏడు వందల కిలోమీటర్ల పైమాట. మాకు దగ్గరలో పారే నీరంటే మంత్రాలయం దగ్గర తుంగభద్రే. ఎండాకాలంలో అక్కడ నీటికన్న ఇసుకే ఎక్కువ. అయితే సిలిండరులోనికి మంచి గాలి ఎక్కించడంలో ఉన్న శాస్త్రం సముద్రపు ఒడ్డుకే పరిమితం కాదు. మా ఊళ్ళ బావుల దగ్గర కూడా అదే శాస్త్రం పనిచేస్తుంది. ఆ సంగతి తరువాత చెప్తాను.

మొదట ఒక చిన్న లెక్క. డైవరు వీపున ఉండే సిలిండరు సాధారణంగా 12 లీటర్ల నీరు పట్టే పాత్ర. మన నీళ్ళ బిందె కంటె పెద్దదేమీ కాదు. దానిలో గాలిని 200 వాతావరణ పీడనాలకు నొక్కి నింపుతారు. పీడనం ఎన్ని రెట్లు పెంచితే వాయువు ఘనపరిమాణం అన్ని రెట్లు తగ్గుతుందన్న బాయిల్ సూత్రం ప్రకారం, ఆ బిందెడు పాత్రలో 12ను 200 పెట్టి హెచ్చిస్తే 2,400 లీటర్ల గాలి ఇముడుతుందన్న మాట. గాలికి బరువు ఉండదని అనుకొనేవారికి ఈ సిలిండరు మంచి పాఠం చెబుతుంది. నింపక ముందు ఒకసారి, నింపిన తరువాత ఒకసారి తూచి చూస్తే తేడా సుమారు 3 కిలోలు ఉంటుంది.

200 వాతావరణ పీడనాలంటే ఎంత? లారీ టైరులో ఉండేది సుమారు 8. మా పొలాలలో బోరు వేయడానికి వచ్చే బండి మీద ఊరంతా దద్దరిల్లేటట్లు మోత చేసే కంప్రెసరు, వందల అడుగుల లోతు నుండి రాతిపొడిని ఎగజిమ్మే ఆ యంత్రం, ఇచ్చేది ఇరవై, పాతిక మాత్రమే. సిలిండరులో ఉన్నది దానికి ఎనిమిది, పది రెట్లు.

నీటి ఉపరితలం మీద తీరికగా ఉన్న మనిషి నిమిషానికి ఇంచుమించు 20 లీటర్ల గాలి పీలుస్తాడని అనుకొంటే 2,400 లీటర్లు రెండు గంటలు రావాలి. నీటిలో అంతసేపు రాదు. ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. 20 మీటర్ల లోతున ఉన్న మనిషి మీద పనిచేసే పీడనం మూడు రెట్లు. అతని రొమ్ము నలిగిపోకుండా ఉండాలంటే ఊపిరితిత్తులలోనికి పోయే గాలి కూడా అదే పీడనంలో అందాలి. కాబట్టి అదే ఊపిరికి మూడు రెట్లు గాలి ఖర్చవుతుంది. రెండు గంటల గాలి నలభై నిమిషాలకే చెల్లుతుంది. పైకి రావడానికి కొంత మిగుల్చుకోవాలి గనుక అరగంట అనుకోవడం మేలు.

ఇంతవరకు తెలిసిన సంగతే. అసలు చిక్కు ఇక్కడ నుండి మొదలవుతుంది. లోతుకు పోయినకొద్దీ మూడు రెట్లు, నాలుగు రెట్లు అయ్యేది మంచి గాలి ఒక్కటే కాదు, దానితో కలిసి వచ్చిన చెడు కూడా. మిశ్రమంలో ఉన్న ఒక్కొక్క వాయువూ తక్కినవి లేనట్లే తన వంతు పీడనాన్ని తాను చూపుతుందని డాల్టన్ చెప్పాడు. ఈ వంతును పాక్షిక పీడనం అంటారు. మన శరీరం వాయువును గుర్తించేది శాతాన్ని బట్టి కాదు, ఈ పాక్షిక పీడనాన్ని బట్టి. సిలిండరు గాలిలో నూటికి ఒక పాలు బొగ్గుపులుసు వాయువు ఉన్నదనుకొందాం. నేల మీద పీలిస్తే మనకు తెలియనే తెలియదు. అదే గాలిని 40 మీటర్ల లోతున పీలిస్తే ఐదు పాళ్ళు ఉన్న గాలిని నేల మీద పీల్చినంత పని చేస్తుంది. ఆయాసం, తలనొప్పి, కంగారు. ఆయాసపడేవాడు ఇంకా ఎక్కువ గాలి పీలుస్తాడు, గాలి ఇంకా త్వరగా అయిపోతుంది. నేల మీద ఉపేక్షించదగిన మలినం నీటి అడుగున ఉపేక్షించదగినది కాదు. సిలిండరు నింపేవాని పని అంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

బొగ్గుపులుసు వాయువు కనీసం ఆయాసం పుట్టించి హెచ్చరిస్తుంది. కార్బన్ మోనాక్సైడు ఆ దయ కూడా చూపదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. చమురు గాని, బొగ్గు గాని, కట్టె గాని చాలినంత గాలి అందక సగం సగంగా మండినచోటనెల్లా ఇది పుడుతుంది. మన రక్తంలో ఆమ్లజనిని మోసే హిమోగ్లోబిన్‌కు ఆమ్లజని మీద కంటె దీని మీద సుమారు రెండు వందల రెట్లకు పైగా మక్కువ. బస్సులో సీట్ల మీద ముందుగానే తువ్వాలు వేసి పెట్టినట్లు ఇది హిమోగ్లోబిన్ అణువులను ఆక్రమించుకొంటే ఆమ్లజనికి చోటుండదు. గనుల పేలుళ్ళలో చనిపోయినవారిలో చాలామంది దెబ్బలవలన గాక ఈ వాయువు వలననే పోయారని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1896లో నిరూపించాడు. డైవర్లు ఏ లోతు నుండి ఎంత మెల్లగా పైకి రావాలో తెలిపే పట్టికలను 1908లో ప్రచురించినవాడు కూడా ఈ హాల్డేనే కావడం విశేషం.

లోతున కార్బన్ మోనాక్సైడు పనితీరులో ఒక విచిత్రమున్నది. దాని పీడనం పెరుగుతుంది గనుక రక్తంలోనికి వేగంగా ఎక్కుతుంది. కాని అక్కడ ఆమ్లజని పీడనం కూడా పెరిగి ఉంటుంది గనుక, హిమోగ్లోబిన్‌తో పని లేకుండా నేరుగా రక్తద్రవంలోనే కొంత ఆమ్లజని కరిగి శరీరానికి అందుతుంది. డైవరు అడుగున ఉన్నంతసేపు ఏదో నెట్టుకొని వస్తాడు. పైకి రావడం మొదలుపెట్టగానే పీడనం తగ్గి, ఆ కరిగిన ఆమ్లజని ఆసరా పోతుంది. హిమోగ్లోబిన్ చూస్తే కార్బన్ మోనాక్సైడు చేతిలో చిక్కి ఉన్నది. గట్టు చేరవలసిన సమయంలో స్పృహ తప్పుతుంది.

ఈ పరికరాన్ని కనిపెట్టినవారికే ఈ అనుభవం తప్పలేదు. 1943లో జాక్ ఈవ్ కూస్తో అనే ఫ్రెంచి నౌకాధికారి, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి, పీల్చినపుడు మాత్రమే తగిన పీడనంలో గాలిని వదిలే కవాటాన్ని తయారుచేశారు. స్కూబా అని నేడు మనం పిలిచే విద్యకు అదే మూలం. గాన్యాన్ ఆ కవాటాన్ని మొదట ఉద్దేశించినది ఈతగాళ్ళ కొరకు కాదు. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక మోటారు కార్లను వాయువుతో నడపవలసి వచ్చినపుడు ఇంజనుకు వాయువును అందించడానికి. ఆ రోజులలో మన దేశంలో కూడా వెనుక పెద్ద కుంపటి తగిలించుకొని బొగ్గు బస్సులు నడిచాయి. పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

1946 ఆగస్టు 27న కూస్తో, అతని మిత్రుడు ద్యూమా దక్షిణ ఫ్రాన్సులో వోక్ల్యూజ్ అనే ఊటబావిలోనికి దిగారు. సున్నపురాతి కొండ అడుగు నుండి నీరు ఉబికి వచ్చే చోటది. మన మహానంది కోనేటి ఊటను తలచుకొని, దాని లోతు ఎవరికీ తెలియదని ఊహించుకోండి. లోపలికి పోయిన ఇద్దరికీ బుద్ధి మందగించింది. ఒకరి సైగ ఒకరికి తెలియలేదు, చేయవలసిన పని గుర్తు రాలేదు. తాడు సాయంతో ఎట్లాగో ప్రాణాలతో బయటపడ్డారు. లోతున నత్రజని వలన కలిగే మత్తు వారికి కొత్త కాదు. కాని ఇది అంతకు మించినది. తరువాత సిలిండర్లలో మిగిలిన గాలిని పరీక్షింపగా కార్బన్ మోనాక్సైడు బయటపడింది. గాలి నింపిన కంప్రెసరు తన ఇంజను వదిలిన పొగను తానే మళ్ళీ పీల్చి సిలిండర్లలోనికి ఎక్కించింది. శత్రువు ఊటబావిలో లేడు. తీసుకొనిపోయిన గాలిలోనే ఉన్నాడు.

కాబట్టి మంచి గాలి నింపడంలో మొదటి ప్రశ్న, గాలిని ఎక్కడ నుండి తీసుకొంటున్నాము అన్నది. ఇంజనుతో నడిచే కంప్రెసరు అయితే పీల్చే గొట్టం నోరు పొగగొట్టానికి దూరంగా, ఎత్తున, గాలి వీచే వైపున ఉండాలి. గాలి ఉదయం ఒక వైపు నుండి, మధ్యాహ్నం ఒక వైపు నుండి వీస్తుంది గనుక ఒకసారి సరిచూసి ఊరుకొంటే చాలదు. విద్యుత్తుతో నడిచేది అయితే సగం బెడద తీరుతుంది. అయినా పక్కన లారీ ఆగి ఇంజను తిరుగుతూ ఉంటే? ఎవరో చెత్త తగలబెడితే? మూసిన గదిలో పెట్టినా చిక్కే. ఐరోపా దేశాల ప్రమాణం ప్రకారం పీల్చే గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళలో 500 మించరాదు. ఆరుబయట గాలిలోనే నేడు అది 420 దాటింది. అరవై మంది విద్యార్థులు కూర్చొన్న మా తరగతి గదిలో, తలుపులు మూస్తే, అది వెయ్యి దాటడానికి ఎంతో సేపు పట్టదు. మనుషులు మసలే ఇరుకు గదిలోని గాలి ఈ పరీక్షలో మొదటనే తప్పుతుందన్న మాట.

రెండవ చిక్కు కంప్రెసరు కడుపులోనే ఉన్నది. సైకిలుకు పంపుతో గాలి కొట్టినవారికి పంపు అడుగు కాలడం తెలుసు. వాయువును త్వరగా నొక్కితే వేడెక్కుతుంది. 27 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనీయకుండా ఒక్క ఊపున 200 వాతావరణ పీడనాలకు నొక్కితే అది, లెక్క ప్రకారం, వెయ్యి డిగ్రీలు దాటాలి. అందుచేత మూడు నాలుగు మెట్లలో నొక్కుతారు. మూడు మెట్లయితే ఒక్కొక్క మెట్టులో ఆరు రెట్ల లోపు. ప్రతి మెట్టు తరువాత రాగి, ఉక్కు గొట్టాల చుట్టలలో నడిపి చల్లారుస్తారు. అయినా ఒక్కొక్క మెట్టు చివర గాలి 220 డిగ్రీల దాకా పోవచ్చును. మా కోసిగిలో ఏప్రిల్, మే నెలల ఎండలో బయటి గాలే 40 డిగ్రీలు దాటి ఉంటే, ఆ మెట్టు చివర ఇంకొక ఇరవై డిగ్రీలు కలపాలి.

పొలంలోని ఆయిలింజను ఏ విధంగా పనిచేస్తుంది? దానిలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని పదహారవ వంతుకో, అంతకన్న తక్కువకో నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకొంటుంది. కంప్రెసరులో పిస్టన్ల రాపిడి తగ్గడానికి నూనె వేస్తారు గదా. కవాటాలు అరిగినా, చల్లార్చే గొట్టాల మీద దుమ్ము పేరుకొన్నా, తగని నూనె పోసినా, లోపలి వేడి హద్దు మీరి ఆ నూనె కొద్ది కొద్దిగా మాడుతుంది. మాడినచోట కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. బయట గాలి ఎంత పరిశుభ్రంగా ఉన్నా, విద్యుత్తుతో నడిపినా, విషం యంత్రంలోనే తయారవుతుంది. టైర్ల పంక్చరు దుకాణంలోని కంప్రెసరు గొట్టాన్ని నోట పెట్టుకొని నీటిలోనో బావిలోనో దిగరాదని చెప్పడానికి కారణమిదే. టైరుకు నూనె ఆవిరితో పనిలేదు. ఊపిరితిత్తులకు ఉన్నది. సన్నని నూనె తుంపరలు ఊపిరితిత్తులలో చేరితే అక్కడ వాపు పుట్టిస్తాయి.

ఇక నీటి సంగతి. గాలిని నొక్కి చల్లార్చినపుడు దానిలోని ఆవిరి నీరై కారుతుంది. 30 డిగ్రీల వేడిలో, ఉక్కపోసే విశాఖ గాలిలో ఘనమీటరుకు సుమారు 24 గ్రాముల నీరుంటుంది. ఒక సిలిండరుకు కావలసిన గాలి 2.4 ఘనమీటర్లు. అంటే ఒక్క సిలిండరు నింపేసరికి 57, 58 గ్రాముల నీటిని యంత్రం తీసి పారవేయాలి. ఒక చిన్న టీ గ్లాసులో సగం పైగా. మా ఊరి వేసవి గాలి ఎండుగాలి. 40 డిగ్రీల వేడిలో ఆర్ద్రత నూటికి ఇరవై ఉన్న రోజున దానిలో ఘనమీటరుకు పది గ్రాములు మాత్రమే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో కరువుసీమ గాలి కోస్తా గాలి కంటె మేలు. వేడిలోనూ దుమ్ములోనూ ఆ లాభం పోతుందనుకోండి.

నీరు ఎందుకు పనికిరాదు? ఒకటి, ఉక్కు సిలిండరు లోపల తుప్పు పడుతుంది. ఎక్కువ పీడనంలో ఆమ్లజని కూడా ఒత్తిడితో ఉన్నది గనుక తుప్పు మరింత చురుకుగా పడుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము ఆమ్లజనిని తినడమే. తడి చేరిన సిలిండరును నెలల తరబడి మూలన పడవేస్తే గోడలు బలహీనపడడమే గాక లోపలి గాలిలో ఆమ్లజని కూడా తరిగిపోవచ్చును. మీటరు మీద పీడనం నిండుగానే కనిపిస్తుంది, పీల్చేవానికి బలం అందదు. రెండవది, తడి వడపోతను చెడగొడుతుంది.

ఈ వడపోత అన్నది చూడదగిన వస్తువు. చివరి మెట్టు దాటి, నీరు నూనె చాలావరకు వేరుపడిన గాలిని ఒక లోహపు గొట్టంలో వరుసగా పేర్చిన పొరల గుండా పంపుతారు. మొదట అణు జల్లెడ. ఇది జియోలైట్ అనే ఖనిజజాతి పదార్థం. దాని రంధ్రాలు ఎంత సన్ననివంటే నీటి అణువులను పట్టి ఉంచగలవు. తరువాత ఉత్తేజిత బొగ్గు. దీని ఒక్క గ్రాములో ఉండే లోపలి ఉపరితలమంతా పరిస్తే వందల చదరపు మీటర్లుంటుంది. నూనె ఆవిరి, వాసనలు దానికి అంటుకొంటాయి. అటు తరువాత హోప్కలైట్. మాంగనీస్, రాగి ఆక్సైడుల మిశ్రమమిది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల వారు కలిసి తయారుచేశారు గనుక రెండు పేర్ల మొదళ్ళు కలిపి ఆ పేరు పెట్టారు. ఇది కార్బన్ మోనాక్సైడును మామూలు వేడిలోనే బొగ్గుపులుసు వాయువుగా మార్చివేస్తుంది. ప్రాణాంతకమైనది అతి స్వల్పమైన, దాదాపు హాని లేని మరొకటిగా మారుతుంది. అయితే హోప్కలైట్‌కు తడి తగిలితే పని చేయదు. అందుకే దానికి ముందు అణు జల్లెడ కాపలా ఉండాలి. జల్లెడ తడిసి నిండిపోయిన మరుక్షణం నుండి వెనుక ఉన్న హోప్కలైట్ కూడా ఉండీ లేనట్లే. ఈ పొరలను ఇన్ని గంటలకొకసారి మార్చాలని తయారుచేసినవారు వ్రాసి ఇస్తారు. ఆ గంటలు చల్లని దేశపు లెక్క అయితే మన దేశపు వేడికి, ఉక్కకు వాటిని బాగా తగ్గించుకోవాలి. పొదుపు చేయదగిన చోటు ఇది కాదు.

ఇట్లా నింపిన గాలి మంచిదని ఎట్లా తెలుస్తుంది? కొందరు కవాటం కొద్దిగా విప్పి వాసన చూస్తారు. నూనె వాసన వస్తే ఆ సిలిండరును పక్కన పెట్టవలసిందే. కాని వాసన రాకపోతే మంచిదన్న హామీ లేదు, కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు గదా. ఐరోపా ప్రమాణం దానికి పెట్టిన హద్దు పది లక్షల పాళ్ళలో 5 మాత్రమే. నూనె అయితే ఘనమీటరుకు అర మిల్లీగ్రాము. ఇంత స్వల్పాన్ని ముక్కు కాదు, పరికరమే పట్టగలదు. రంగు మారే గాజునాళికలు ఉన్నాయి. విద్యుద్రసాయన పద్ధతిలో పనిచేసే, అరచేతిలో పట్టే మీటర్లు కూడా ఉన్నాయి. ఒక సిలిండరు ఖరీదు కంటె వీటి ఖరీదు పెద్దదేమీ కాదు. మీటరు చూపించుమని డబ్బిచ్చి దిగేవాడు అడగడం మర్యాద తక్కువ ఎంతమాత్రం కాదు.

నింపే తీరు గురించి కొద్దిగా. త్వరగా నింపితే సిలిండరు వేడెక్కుతుంది. 50 డిగ్రీల వేడిలో 200 చూపిన ముల్లు, 27 డిగ్రీలకు చల్లారేసరికి 186 దగ్గరకు దిగుతుంది. గాలి ఎక్కడికీ పోలేదు. నింపినవాడు తొందరపడ్డాడంతే. సిలిండరు దృఢత్వాన్ని నియమిత కాలాలలో నీటితో పరీక్షించాలి. నీటితోనే ఎందుకంటే, నీరు నొక్కితే నలగదు. పాత్ర పగిలినా గాలివలె ప్రేలదు. పనిచేసే పీడనానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు పెట్టి పాత్ర ఎంత సాగి తిరిగి ఎంత ముడుచుకొన్నదో కొలుస్తారు. మన దేశంలో ఈ వ్యవహారమంతా 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కింద, నాగపూరు కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అజమాయిషీలో ఉన్నది. పరీక్ష చేసిన తేదీ సిలిండరు భుజం మీద చెక్కి ఉంటుంది.

ఎంత పరిశుభ్రంగా నింపినా, ఒక లోతు దాటిన తరువాత గాలే గాలికి శత్రువవుతుంది. కచ్చులూరు దగ్గర పడవ మునిగిన చోట లోతు 200 అడుగులు దాటిందని అప్పటి అంచనాలు. అంటే 61 మీటర్లు. మంచినీరు ఉప్పునీటి కంటె కొంచెం తేలిక గనుక అక్కడ పీడనం సుమారు 6.9 రెట్లు. ఆమ్లజని వంతు 1.4 దాటి విషపు గడప మీద ఉంటుంది. నత్రజని వంతు 5.4. ఆ పీడనంలో నత్రజని కల్లు తాగినంత పని చేస్తుంది. చేయి చూపితే చేయి కనపడని బురదనీరు, వరద వడి, దానికి తోడు ఈ మత్తు. గజ ఈతగాడైనా ఏమి చేయగలడు? ఎక్కువ రోజులు పడవను పైనుండి లంగర్లు, ఇనుప మోకులతోనే వెదకవలసి రావడానికి ఈ లెక్క కూడా ఒక కారణం. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న దానిని బయటకు తీసింది.

ఇంత లోతులకు పోయేవారికి నత్రజనిని తగ్గించి హీలియం కలిపిన మిశ్రమం నింపుతారు. హీలియం మత్తు కలిగించదు. ఈ వాయువు జాడ మొదట తెలిసినది మన తెలుగు నేల మీద కట్టిన దూరదర్శినులలోనే అన్న సంగతి చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుండి జాన్సెన్, మచిలీపట్నం నుండి పోగ్సన్ పరిశీలించారు. సూర్యుని అంచున లేచిన జ్వాలల వర్ణపటంలో కనపడిన పసుపుపచ్చ రేఖ తెలిసిన ఏ మూలకానిదీ కాదని తరువాత తేలింది. ఆ మూలకానికే హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద దానిని 1895లో రామ్సే పట్టుకొన్నాడు. 2025 జూలై 18న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన నిస్తార్ అనే నౌక, అక్కడి హిందూస్థాన్ షిప్‌యార్డులో కట్టినది, 300 మీటర్ల లోతు దాకా డైవర్లను దింపడానికి ఉద్దేశించినది. ఆ లోతున గాలి మాటే ఎత్తరు, హీలియమే.

ఇప్పుడు మెట్ట నేలకు వద్దాం. పీల్చే గాలి నింపిన సిలిండరు నీటిలో దిగేవానికి మాత్రమే కాదు. అగ్నిమాపక దళం వారు పొగలోనికి పోయేటప్పుడు వీపున కట్టుకొనేది దీని తోబుట్టువే. 6.8 లీటర్ల పాత్రలో 300 వాతావరణ పీడనాల గాలి, అంటే సుమారు 2,000 లీటర్లకు కొంచెం తక్కువ. బరువు పని చేసేవానికి అరగంట, నలభై నిమిషాలు వస్తుంది. దానిని నింపే కంప్రెసరు, వడపోత, పరీక్ష అన్నీ పైన చెప్పినవే. 2020 ఆగస్టు 20 రాత్రి మా కర్నూలు జిల్లాకు కృష్ణ అవతలి ఒడ్డున, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. సొరంగం నిండా కమ్మిన పొగ రక్షించపోయిన వారిని గంటల తరబడి లోపలికి పోనీయలేదు. అట్లాంటి చోట మనిషి ఎంత దూరం పోయి తిరిగి రాగలడన్నది వీపున ఉన్న లీటర్లే నిర్ణయిస్తాయి.

మా ఊళ్ళలో ఈ సిలిండరు అక్కర పడేది బావి దగ్గర. బోర్లు వచ్చిన తరువాత దిగుడు బావులు చాలా మూతపడ్డాయి. అయినా వాన కురిసిన సంవత్సరం పూడిక తీయడానికి దిగుతారు. వాడుకలో లేని బావి అడుగున ఆకు అలము కుళ్ళి ఆమ్లజని తరిగి, బొగ్గుపులుసు వాయువు చేరి ఉంటుంది. అది గాలి కంటె బరువు గనుక తనంతట పైకి రాదు. మన పెద్దలు లాంతరు తాడుకు కట్టి దింపి, ఆరిపోతే దిగవద్దనేవారు. ఆ పరీక్ష శాస్త్రానికి నిలుస్తుంది. ఆమ్లజని నూటికి పదహారు, పదిహేడుకు తగ్గితే దీపం ఆరుతుంది. మనిషి స్పృహ తప్పడానికి ఇంకా కొంత తగ్గాలి. కనుక దీపం మనకంటె ముందే చెబుతుంది. కాని పూడిక నీరు తోడడానికి ఆయిలింజనునే బావిలోనికి దింపి గట్టు మీద నడిపితే, లోపల పేరుకొనేది కార్బన్ మోనాక్సైడు. పెట్రోలు, కిరసనాయిలు ఇంజన్ల పొగలో అది ఎక్కువ, డీజిలు పొగలో తక్కువ. గాలి ఆడని బావిలో ఆ తక్కువ కూడా చాలును. దానికి లాంతరు ఆరదు. నిశ్చలంగా వెలుగుతూనే ఉంటుంది. వోక్ల్యూజ్‌లో కంప్రెసరు చేసిన పనే ఇక్కడ ఇంజను చేస్తున్నది. అక్కడ పొగ సిలిండరులో చేరింది, ఇక్కడ బావే సిలిండరయింది.

ఒకడు లోపల పడిపోగానే అన్నో తమ్ముడో మూతికి తడిగుడ్డ కట్టుకొని దూకుతాడు. తడిగుడ్డ దుమ్మును ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడును ఆపదు, లేని ఆమ్లజనిని పుట్టించదు. ఇట్లా ఒకరి వెంట ఒకరు దిగి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాము. ఇంజనును గట్టు పైననే ఉంచి పొడుగు గొట్టంతో తోడాలి. దిగేముందు ధాన్యం తూర్పారపట్టే పంకాకు గొట్టం తగిలించి అడుగుదాకా బయటి గాలిని చాలాసేపు కొట్టించాలి. దిగేవాని నడుముకు తాడు, ఆ తాడు పైన ఇద్దరి చేతిలో ఉండాలి. అప్పటికే ఎవరైనా పడిపోయి ఉంటే దిగవలసినది వీపున గాలి సిలిండరు ఉన్నవాడు మాత్రమే. అగ్నిమాపక కేంద్రానికి 101కి గాని 112కు గాని ఫోను చేసేటప్పుడు బావిలో మనిషి పడ్డాడని మాత్రమే చెప్తే వారు తాళ్ళు, నిచ్చెనలతో బయలుదేరవచ్చును. లోపల గాలి చెడ్డదని, శ్వాస పరికరం తీసుకొని రావలెనని కూడా చెప్పాలి. వారు వచ్చేదాకా పంకా ఆపరాదు.